రసవాదుల రాతప్రతులు చదివిన రసాయన శాస్త్రవేత్త: మార్సెలాన్ బెర్తెలో గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రసవాదం అనగానే మనకు పరుసవేది, సిద్ధులు, రాత్రికి రాత్రి బంగారమైపోయే ఇనుము గుర్తుకొస్తాయి. యూరప్‌లోనూ చాలాకాలం ఇంతే. ఆ మాటల పొగ వెనుక నిజంగా కుంపటి ముందు కూర్చున్న మనుషులున్నారని, వాళ్ళు ఏం కరిగించారో, ఎంత తూకం వేశారో ఇప్పటికీ చదవవచ్చని చూపించిన వారిలో ముందుండే పేరు బెర్తెలో. ఆయన జీవితం గురించి పాఠకులు అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

ఈ బెర్తెలో ఎవరు?

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. 1827 అక్టోబరు 25న పారిస్ నడిబొడ్డున ప్లాస్ ద గ్రేవ్ దగ్గర పుట్టారు. తండ్రి వైద్యుడు. ప్రయోగశాలలో సేంద్రియ పదార్థాలను తయారుచేసి పేరు తెచ్చుకున్నారు. రసాయన చర్యల్లో పుట్టే వేడిని కొలిచే శాస్త్రానికి పునాదులు వేసిన వారిలో ఒకరు. సెనేటరు అయ్యారు, రెండుసార్లు మంత్రి అయ్యారు. వీటన్నిటితో పాటు, యాభై ఏళ్ళు దాటాక గ్రీకు, సిరియాక్ (పశ్చిమాసియా క్రైస్తవుల పాత భాష), అరబ్బీ, లాటిన్ రసవాద గ్రంథాలను వెలికితీసి అచ్చువేయించే పని నెత్తికెత్తుకున్నారు. 1907 మార్చి 18న చనిపోయేదాకా దాన్ని వదల్లేదు.

ఆయన రసాయన సిద్ధాంతాలు కొన్ని కాలం తాకిడికి నిలవలేదు. రసవాదం మీద చేసిన పనే ఆయనను ఇవాళ చదివిస్తోందని నా నమ్మకం.

పాఠ్యపుస్తకాల్లో కనిపించే బెర్తొలే ఈయనేనా?

కాదు. క్లోద్ లూయీ బెర్తొలే (1748–1822) ఆధునిక రసాయన శాస్త్రానికి ఆద్యుడనిపించుకున్న లావోయిజియే కాలం మనిషి, నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్ళినవాడు. మన బెర్తెలో పుట్టేనాటికి ఆయన చనిపోయి ఐదేళ్ళు.

చదువు ఎలా సాగింది?

లీసే ఆన్రీ-కాత్ర్ అనే పేరున్న పాఠశాలలో చదివారు. 1846లో ఫ్రాన్స్ దేశవ్యాప్త పోటీలో తత్త్వశాస్త్రానికి గౌరవ బహుమతి గెలిచారు. రసాయనానికి కాదు, తత్త్వశాస్త్రానికి! గ్రీకు, లాటిన్ ఆ వయసులోనే పట్టుబడ్డాయి. తర్వాత నలభై ఏళ్ళకు రాతప్రతులు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఆ చదువే అక్కరకొచ్చింది.

ఆ రోజుల్లోనే ఎర్నెస్ట్ రెనాఁ పరిచయమయ్యాడు. పాదిరీ కావడానికి చదువుతూ, విశ్వాసం సడలి సెమినరీ విడిచి వచ్చిన యువకుడు. హీబ్రూ, సిరియాక్ భాషల్లో దిట్ట. తర్వాత ఏసు జీవితం మీద పుస్తకం రాసి యూరప్‌ను కుదిపేసింది ఈయనే. ఇద్దరూ పక్కపక్క గదుల్లో ఉంటూ ఒకరి శాస్త్రం మరొకరికి నేర్పుకున్నారు. 1892లో రెనాఁ చనిపోయేదాకా ఆ స్నేహం చెదరలేదు. మత గ్రంథాన్ని కూడా చరిత్ర పత్రంగా చదవవచ్చన్నది రెనాఁ పద్ధతి. బెర్తెలో రసవాద గ్రంథాలను చదివిన తీరులో ఆ స్నేహితుడి ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది.

రసాయన శాస్త్రంలో ఆయన చేసిన పని ఏమిటి?

1851లో కొలేజ్ ద ఫ్రాన్స్‌లో, బ్రోమిన్‌ను కనుగొన్న బలార్ దగ్గర సహాయకుడిగా చేరారు. 1854 డాక్టరేట్ గ్రంథంలో గ్లిసరిన్‌ను ఆమ్లాలతో కలిపి కొవ్వులు తయారుచేసి చూపించారు. ఆ తర్వాత ఇథిలీన్ నుంచి ఆల్కహాలు తీశారు. 1862లో హైడ్రోజన్ వాయువులో కర్బనపు కడ్డీల మధ్య విద్యుత్ చాపం వెలిగించి ఎసిటిలీన్ పుట్టించారు. 1866లో ఆ ఎసిటిలీన్‌ను వేడిచేసి బెంజీన్ చేశారు. జీవుల్లో పుట్టే పదార్థాలకు ఏదో ప్రాణశక్తి కావాలన్న నమ్మకం అప్పటికే బీటలు వారింది. ఆ బీటలను ఇంకా పెద్దవి చేసినవారిలో ఈయన ఒకరు. ఒక్కడే కూల్చాడనడం మాత్రం అతిశయోక్తి.

రసాయన శాస్త్రం తాను అధ్యయనం చేసే వస్తువును తానే సృష్టించుకుంటుంది అన్నది ఆయన ప్రసిద్ధ వాక్యం. ఖగోళ శాస్త్రజ్ఞుడు నక్షత్రాన్ని చేయలేడు, రసాయన శాస్త్రజ్ఞుడు కొత్త పదార్థాన్ని చేయగలడు. ఈ మాట అన్న మనిషికి, పదార్థాన్ని మార్చగలమని వేల ఏళ్ళ కిందట నమ్మినవాళ్ళ మీద మనసు పోవడంలో ఆశ్చర్యమేముంది?

మరి రసవాదం వైపు ఎందుకు మళ్ళారు?

రకరకాల కారణాలు కలిశాయి. 1869లో సూయజ్ కాలువ ప్రారంభోత్సవానికి ఈజిప్టు వెళ్ళిన ఫ్రెంచి అతిథుల్లో ఆయన ఉన్నారు. అక్కడి ప్రాచీన కట్టడాలు చూశాక, లోహాల విద్య ఇక్కడ ఎలా మొదలైందన్న ఆసక్తి బలపడింది. పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో గ్రీకు రసవాద రాతప్రతులు ఉన్నాయి. అవి ఉన్నాయని పండితులకు తెలుసు, కానీ గ్రీకు వచ్చినవాళ్ళకు కుంపటి తెలియదు, కుంపటి తెలిసినవాళ్ళకు గ్రీకు రాదు. రెండూ తెలిసిన మనిషి కోసం ఆ రాతప్రతులు ఎదురుచూస్తున్నట్టే ఉండేవి.

ఇంకో కారణం లోతైనది. తన శాస్త్రం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలుసుకోవాలని ఉండేది. అప్పటి రసాయన శాస్త్రజ్ఞుల్లో చాలామంది తమ శాస్త్రం లావోయిజియేతో పుట్టిందని, అంతకు ముందంతా భ్రమ అని తేల్చేసేవారు. లావోయిజియే మీద కూడా బెర్తెలో 1890లో పుస్తకం రాశారు, ఆయన ప్రయోగశాల పుస్తకాలను తిరగేసి మరీ. అయినా కథ అక్కడ మొదలుకాలేదని, అలెగ్జాండ్రియా కార్ఖానాల్లో మొదలైందని పట్టుబట్టారు.

ఆయన రాసిన, అచ్చువేసిన పుస్తకాలు ఏవి?

ముందుగా 1885లో రసవాద మూలాల మీద ఒక పుస్తకం వచ్చింది. అందులో ఈజిప్టు పూజారుల సంప్రదాయం, గూఢజ్ఞానంతోనే ముక్తి అని నమ్మిన గ్నోస్టిక్కుల రహస్య బోధలు, ప్లేటో తదితరుల పదార్థ సిద్ధాంతాలు, లోహకారుల అనుభవం కలిసి ఈ విద్యగా ఎలా రూపుకట్టాయో చర్చించారు.

1887–88లో వచ్చింది అసలు పెద్ద పని: ప్రాచీన గ్రీకు రసవాదుల సంకలనం. గ్రీకు మూలాన్ని శార్ల్-ఎమీల్ ర్యుయెల్ అనే పండితుడితో కలిసి సిద్ధం చేశారు, దాని పక్కన ఫ్రెంచి అనువాదం ఇచ్చారు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ గ్రంథాలయంలో ఉన్న పాత రాతప్రతి, పారిస్‌లోని రాతప్రతులు దీనికి ఆధారం. పారిస్ ప్రతుల్లో ఒకటి 1478లో రాసినది. తన తోకను తానే మింగే పాము బొమ్మ ఈ రాతప్రతుల్లోదే. ఇవాళ పుస్తకాల అట్టల మీద, పచ్చబొట్లలో కనిపిస్తున్న ఆ పాముకు ఇంత పాత చిరునామా ఉంది.

1893లో మధ్యయుగాల రసాయనం మీద మూడు సంపుటాలు వెలువడ్డాయి. ఒకటి లాటిన్ సంప్రదాయం గురించి. సిరియాక్ సంపుటానికి రుబాన్స్ ద్యువాల్, అరబ్బీ సంపుటానికి ఒక్తావ్ ఊదాస్ తోడు నిలిచారు. ఒక మనిషికి అన్ని భాషలూ రావు. ఆ సంగతి ఎరిగి సరైన పండితులను పక్కన కూర్చోబెట్టుకోవడం ఆయన చేసిన మంచి పనుల్లో ఒకటి.

లైడెన్ పపైరస్ అని తరచూ వినిపిస్తుంది. అందులో ఏముంది?

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, అందుకని కొంచెం నింపాదిగా చెబుతాను.

ఈజిప్టులోని తీబ్స్ ప్రాంతం నుంచి వచ్చిన గ్రీకు పపైరస్ అది, అంటే రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం మీద గ్రీకులో రాసినది. క్రీ.శ. మూడో శతాబ్దం చివరి కాలానిది. 1828లో డచ్చి ప్రభుత్వం కొన్న పురావస్తువులతో పాటు నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరం చేరింది. 1885లో దాని పాఠం అచ్చయింది. బెర్తెలో వెంటనే దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చి వ్యాఖ్యానం రాశారు.

అందులో మంత్రాలు లేవు, దేవతల సంభాషణలు లేవు. నూటికి పైగా చిన్న చిన్న యోగాలు, అంటే తయారీ విధానాలు ఉన్నాయి, చాలామటుకు కంసాలి పనికి పనికొచ్చేవి: వెండిలా కనిపించే మిశ్రమలోహం చేయడం, బంగారం బరువు పెంచడం, బంగారు అక్షరాలు రాసే సిరా, తగరం శుద్ధి, రాగికి తెల్లని రంగు తేవడం. ఒక యోగం ఇలా ఉంటుంది: తగరం 12 ద్రాక్మాలు (పాత గ్రీకు తూకం), పాదరసం 4, కియోస్ ద్వీపపు మట్టి 2. కరిగిన తగరంలో మట్టి పొడి వేసి, తర్వాత పాదరసం పోసి, ఇనుప కడ్డీతో కలపాలి. అంతే. తూకాలున్నాయి, క్రమం ఉంది, పనిముట్టు పేరు కూడా ఉంది.

ఇంకోటి తగరం పరీక్ష. తగరాన్ని కరిగించి పపైరస్ కాగితం మీద పోయాలి. కాగితం కాలితే అందులో సీసం కలిసినట్టు. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం 327 డిగ్రీల దగ్గర. సీసం పాలు బాగా ఎక్కువైతే కరిగిన లోహం మరింత వేడిగా ఉంటుంది, కాగితం తట్టుకోదు. ఉష్ణమాపకం లేని కాలంలో ఒక పనివాడు కనిపెట్టిన ఉపాయం ఇది.

కొన్ని యోగాల చివర, ఇలా చేస్తే పనివాళ్ళు కూడా మోసపోతారని దాపరికం లేకుండా రాసుంటుంది. బెర్తెలో పట్టుకున్న కీలకం ఇక్కడే ఉంది. రాసినవాడికి అది అసలు బంగారం కాదని తెలుసు, చేస్తున్నది నకలు అని తెలుసు. అయితే ఇవే యోగాలు, దాదాపు ఇవే మాటలతో, ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త డెమోక్రిటస్ పేరిట చలామణి అయిన రసవాద గ్రంథంలో కూడా కనిపిస్తాయి. అక్కడ వాటి చుట్టూ తత్త్వం చేరింది: ప్రకృతి ప్రకృతిని చూసి ఆనందిస్తుంది, ప్రకృతి ప్రకృతిని జయిస్తుంది. కార్ఖానాలోని నకలు విద్య, పదార్థమంతా మూలంలో ఒకటేనన్న గ్రీకు ఆలోచనతో కలిసి, నిజంగానే మార్చగలమన్న నమ్మకంగా మారిందని బెర్తెలో వాదం. బట్టకు రంగు అద్దినట్టే లోహానికీ రంగు అద్దవచ్చు, రంగు మారితే స్వభావమూ మారుతుందనుకున్నారు. వాళ్ళను పిచ్చివాళ్ళనీ మోసగాళ్ళనీ కొట్టిపారేయకుండా, ఆ మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కి చూపించారు.

ఇదే కోవకు చెందిన స్టాక్‌హోమ్ పపైరస్ 1913లో అచ్చయింది. బెర్తెలో దాన్ని చూడలేకపోయారు.

జోసిమోస్, మరియా అంటే ఎవరు?

జోసిమోస్ ఈజిప్టులోని పానోపోలిస్ ఊరివాడు, క్రీ.శ. 300 ప్రాంతం. థియోసెబెయా అనే స్త్రీని ఉద్దేశించి రసవాద రచనలు చేశాడు. మనకు దొరికే రసవాదుల్లో నిజమైన వ్యక్తిగా గుర్తుపట్టగలిగిన తొలితరం మనిషి. ఆయన తరచూ తలచుకునే పెద్దావిడ మరియా, యూదు స్త్రీ. ద్రవాన్ని ఆవిరిచేసి చల్లార్చి పట్టే మూడు గొట్టాల బట్టీ యంత్రాన్ని ఆమె వర్ణించిందని జోసిమోస్ రాశాడు. నీటి గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి మెల్లగా వేడిచేసే పద్ధతిని ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. రాతప్రతుల్లోని ఆ బట్టీ యంత్రాల బొమ్మలను బెర్తెలో తన సంకలనంలో మళ్ళీ గీయించి అచ్చువేశారు. ప్రయోగశాలలో గాజు గొట్టాలతో జీవితం గడిపినవాడు కాబట్టి, ఏ గొట్టం ఎందుకుందో ఆయనకు వెంటనే తెలిసింది.

ఆయనకు స్వయంగా రసవాదం మీద నమ్మకం ఉందా? రహస్య సంఘాల్లో సభ్యులా?

లేదు. 1890ల పారిస్ నిండా మార్మిక సంఘాలే. స్వీడన్ రచయిత స్ట్రిండ్‌బెర్గ్ అక్కడే మకాం పెట్టి బంగారం చేసే ప్రయోగాలు సాగించాడు. 1896లో ఫ్రాన్స్ రసవాద సంఘం కూడా ఒకటి ఏర్పడింది. ఆ మనుషులతో బెర్తెలోకు దారి కలవదు. ఆయన ప్రత్యక్ష ప్రమాణాన్ని నమ్మిన పక్కా హేతువాది.

అయినా తన 1885 పుస్తకంలో ఒక న్యాయమైన మాట రాశారు. మూలకాలన్నీ ఒకే పదార్థపు రూపాలు కావచ్చన్న ఊహ అసంబద్ధమేమీ కాదని, ఆధునిక రసాయనం కూడా దాన్ని కొట్టిపారేయలేదని చెప్పారు. పదకొండేళ్ళు తిరిగేసరికి, 1896లో బెకెరెల్ యురేనియం కిరణాలను కనుగొన్నాడు. 1902 నాటికి రూథర్‌ఫర్డ్, సోడీ ఒక మూలకం మరో మూలకంగా మారుతోందని ప్రకటించారు. బెర్తెలో బతికుండగానే ఇదంతా జరిగింది.

గెబర్ గొడవ ఏమిటి?

మధ్యయుగ యూరప్‌లో గెబర్ పేరుతో లాటిన్ రసవాద గ్రంథాలు ప్రచారంలో ఉండేవి. గెబర్ అంటే అరబ్బీ రసవాది జాబిర్ ఇబ్న్ హయ్యాన్ అని అందరూ నమ్మారు. బెర్తెలో జాబిర్ పేరిట ఉన్న అరబ్బీ గ్రంథాలను ఊదాస్ సాయంతో చదివి, లాటిన్ పుస్తకాలతో పోల్చి, ఇవి వాటి అనువాదాలు కావని తేల్చారు. ముఖ్య విషయంలో ఆయన గెలిచారు: ప్రధానమైన ఆ లాటిన్ గ్రంథం 13వ శతాబ్దం చివరలో ఇటలీకి చెందిన పాల్ ఆఫ్ టరాంటో రాసినదని అమెరికన్ చరిత్రకారుడు విలియం న్యూమన్ తర్వాత చూపించారు. కానీ కొద్దిపాటి అరబ్బీ గ్రంథాలు చూసి అరబ్బు రసవాదాన్ని తక్కువగా అంచనా వేయడం బెర్తెలో తప్పు. 1940లలో పాల్ క్రౌస్ జాబిర్ గ్రంథ సముదాయాన్ని మొత్తం పరిశీలించాక అది ఎంత విస్తారమైనదో లోకానికి తెలిసింది.

ఆయన పనిలో లోపాలు లేవా?

ఉన్నాయి, చిన్నవి కావు. గ్రీకు పాఠంలో పొరపాట్లున్నాయి. అందుకే 20వ శతాబ్దంలో పండితులు మళ్ళీ మొదటి నుంచీ పనిచేశారు: 1981లో రొబేర్ అల్లో పపైరస్‌లను, 1995లో మిషెల్ మెర్తెన్స్ జోసిమోస్‌ను కొత్తగా పరిష్కరించి ప్రచురించారు.

నాకు అంతకంటే పెద్దదిగా కనిపించే లోపం ఇంకొకటి. జోసిమోస్ రచనల్లో ఒక కల ఉంది. గిన్నె ఆకారంలో ఉన్న బలిపీఠం, మెట్లు, తనను తాను ముక్కలుగా నరికించుకుని ఉడికించుకుని ఆత్మగా మారే పూజారి. ఒళ్ళు గగుర్పొడిచే రచన. అందులోని వేదన, భక్తి బెర్తెలో వివరణలో ఎక్కడా చోటు దక్కించుకోలేదు. తూకం, మంట, లోహం ఉన్నచోట ఆయన కన్ను చురుకైనది. ప్రార్థన ఉన్నచోట చూపు ఆనలేదు. చివరికి అదే సంకలనంలోని పాఠం చదివి ఆ కల మీద సుదీర్ఘ వ్యాసం రాసింది మనస్తత్వవేత్త యూంగ్.

రసాయనంలోనూ మొండితనం ఉండేది. పరమాణు సిద్ధాంతాన్ని చాలాకాలం ఒప్పుకోలేదు. ఆయన పలుకుబడి వల్ల ఫ్రాన్స్‌లో పరమాణు భారాల బదులు తుల్యభారాలతో రాసే పాత సంకేత పద్ధతి అవసరమైన దానికన్నా ఎక్కువ కాలం కొనసాగింది. ఎక్కువ వేడిని పుట్టించే చర్యే జరుగుతుందని ఆయన ప్రతిపాదించిన గరిష్ఠ పని సూత్రాన్ని యువకుడైన పియెర్ ద్యుయెమ్ తన డాక్టరేట్ గ్రంథంలో తప్పుపడితే, ఆ గ్రంథం తిరస్కారానికి గురైంది. ద్యుయెమ్‌కు జీవితాంతం పారిస్‌లో ఉద్యోగం దొరకలేదు. 1987లో జాన్ జాక్ రాసిన జీవితచరిత్ర ఈ చీకటి కోణాలను విప్పి చూపుతుంది. బెర్తెలో మీద ఎంత గౌరవమున్నా ఇవి దాచకూడదు.

భారతదేశంతో ఆయనకు సంబంధం ఉందా?

ఉంది, చాలా విలువైనది. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయన ఆచార్యుడు ప్రఫుల్ల చంద్ర రే, బెర్తెలో గ్రీకు రసవాద గ్రంథాలు చదివి ఆయనకు ఉత్తరం రాశారు. భారతీయుల రసాయన విద్య గురించి తెలియజేయమని బెర్తెలో కోరారు. రే ‘రసేంద్రసార సంగ్రహం’ అనే సంస్కృత రస గ్రంథం ఆధారంగా ఒక పరిచయం రాసి పంపితే, 1898లో బెర్తెలో పారిస్ పండిత పత్రికలో దాని మీద వ్యాసం ప్రచురించి, తన మధ్యయుగ రసాయన సంపుటాలను రేకు పంపారు. పేరుమోసిన ఒక పెద్దాయన ముక్కూమొహం తెలియని వలస దేశపు అధ్యాపకుడికి జవాబు రాయడమే కాక, మీ దేశపు చరిత్ర మీరే రాయండని భుజం తట్టడం చిన్న సంగతి కాదు. 1902లో రే హిందూ రసాయన చరిత్ర మొదటి సంపుటం తెచ్చారు. మరుసటి ఏడాదే బెర్తెలో దాన్ని విపులంగా సమీక్షించారు. తర్వాత యూరప్ పర్యటనలో రే పారిస్ వెళ్ళి ఆయనను కలిశారు.

రే రెండో సంపుటంలో నాగార్జునుడి పేరిట ఉన్న రస గ్రంథ భాగాలు ఉన్నాయి. రస గ్రంథాల్లో శ్రీపర్వతం, అంటే మన శ్రీశైలం, సిద్ధుల నెలవుగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. ప్రచారంలో ఉన్న వేమన కథల్లో స్వర్ణవిద్య ఉంది, అభిరామయ్య అనే కంసాలి కూడా ఉన్నాడు. తెలుగునాట ఈ విద్య ఆనవాళ్ళను కథల్లోనే వదిలేయకుండా, వైద్యుల ఇళ్ళలోని తాళపత్రాల్లో, కంసాలుల నోటి లెక్కల్లో వెతికేవాళ్ళకు బెర్తెలో పద్ధతి బాగా పనికొస్తుంది. యోగం తూకాలు రాసుకోవాలి, మూసలో పెట్టి చూడాలి, ఆపైన తత్త్వం చదవాలి.

రాజకీయాల్లో ఏం చేశారు?

1870లో పారిస్ ముట్టడి సమయంలో రక్షణ కోసం ఏర్పడిన శాస్త్రీయ సంఘానికి అధ్యక్షులు. 1881 నుంచి శాశ్వత సెనేటరు. 1886–87లో విద్యామంత్రి, 1895–96లో విదేశాంగ మంత్రి. పాశ్చర్ తర్వాత 1889లో విజ్ఞాన అకాడమీ శాశ్వత కార్యదర్శి అయ్యారు.

భార్యతో కలిపి సమాధి చేశారంటారు, నిజమేనా?

నిజం. 1861లో సోఫీ నియోదేను పెళ్ళి చేసుకున్నారు. ఆమె గడియారాల తయారీకి ప్రసిద్ధమైన బ్రెగే కుటుంబానికి చెందినవారు. వారికి ఆరుగురు పిల్లలు. 1907 మార్చి 18న గుండె జబ్బుతో సోఫీ కన్నుమూశారు. కొద్దిసేపటికే, అదే ఇంట్లో, బెర్తెలో కూడా కుప్పకూలి ప్రాణం విడిచారు. ప్రభుత్వం ఆయనకు పాంథియోన్‌లో, అంటే ఫ్రాన్స్ మహనీయుల సమాధి మందిరంలో స్థానమిస్తే, ఇద్దరినీ విడదీయవద్దని కుటుంబం కోరింది. అలా పాంథియోన్‌లో చోటు పొందిన తొలి మహిళ సోఫీ. ఒక స్త్రీ తన సొంత కృషికి గుర్తింపుగా అక్కడికి చేరడానికి 1995లో మేరీ క్యూరీ దాకా ఆగవలసి వచ్చింది.

ఆయన రచనలు ఇప్పుడు చదవడం ఎలా?

హక్కుల కాలం ఎప్పుడో ముగిసింది. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా డిజిటల్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. ఫ్రెంచి వచ్చినవాళ్ళు గ్రీకు సంకలనంతో కాక 1889లో విడిగా వచ్చిన ప్రవేశికతో మొదలుపెట్టడం మేలు. లైడెన్ పపైరస్ అనువాదం, యంత్రాల బొమ్మలు అందులోనే ఉన్నాయి. ఫ్రెంచి రాకపోతే, రే రాసిన ఇంగ్లీషు చరిత్ర మొదటి సంపుటం చేతిలోకి తీసుకోండి.